చిటికెడు ఉప్పు, పసుపు మంట

మొన్న చారు పొంగి స్టవ్ మీద పడింది. నీలంగా మండుతున్న గ్యాసు ఒక్కసారి పసుపుపచ్చగా ఎగిసింది. నాలుగుసార్లు చిటపటలాడి మళ్లీ నీలానికి వచ్చేసింది. "అలా చూస్తూ నిలబడతారేంటండీ, కట్టెయ్యండి!" అని మా ఆవిడ కేకేసింది. 27 ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాడికి ఆ మంట కనబడితే చెయ్యి కదలదు. కొవ్వొత్తి పసుపు వేరు. అది మసి నలుసులు కాగి మెరిసే పసుపు. ఇది చారులో ఉప్పు. అంటే సోడియం.

ల్యాబ్‌లో ఈ సోడియంతో నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. సాల్ట్ ఎనాలిసిస్ రోజున పిల్లలు ఫ్లేమ్ టెస్టుకి ఎగబడేవారు. మిగతావన్నీ ఘాటు వాసనలూ, అడుక్కి దిగే అవక్షేపాలూ. ఇదొక్కటే దీపావళి. వాచ్ గ్లాసులో చిటికెడు సాల్ట్ వేసి, రెండు చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్దలా కలపాలి. క్లోరైడుగా మారితే తేలిగ్గా ఆవిరవుతుంది, ఆవిరైతేనే రంగు. ప్లాటినం తీగ బీరువాలో భద్రంగా ఉండేది, దాని ఖరీదు అలాంటిది. పిల్లల చేతికి వచ్చేది నిక్రోమ్ తీగ. దాన్ని ఆమ్లంలో ముంచి మంటలో పెట్టడం, మళ్లీ ముంచి మళ్లీ పెట్టడం, మంటకి ఏ రంగూ అంటనంతవరకూ అదే పని. అసలు విద్యంతా ఆ కడగడంలోనే ఉంది. ఆ ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. ఓపికగా కడిగినవాడు కూడా చివర్లో తీగ కొస వంకరపోయిందని వేళ్లతో సరిచేస్తాడు. వేలికి చెమట, చెమటలో ఉప్పు. స్ట్రాన్షియం సాల్ట్ తీసుకున్నవాడు "సార్, గోల్డెన్ ఎల్లో!" అని అరుస్తాడు. "ఆగరా, ఆ పసుపు వెనకాల ఏముందో చూడు" అంటాను. పసుపు సద్దుమణిగాక ముదురెరుపు తళుక్కుమంటుంది. అప్పటికి వాడు రికార్డులో రాసేసుకుని ఉంటాడు.

సోడియం మొండితనం ఎంతటిదో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ 1860 నాటికే చూశారు. గదిలో ఓ మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేటు పేల్చి, దూరంగా ఉన్న దీపం మంటని వర్ణపటదర్శినిలో చూస్తే, కాసేపటికి పసుపు గీత ప్రత్యక్షమైంది. గాలిలో కలిసిన ఆ కాస్తకే! అదే ఏడు అదే పద్ధతిలో నీలం గీతలు చూసి సీసియాన్ని పట్టుకున్నారు, మరుసటేడు ఎర్ర గీతలతో రుబీడియాన్ని. పట్టకంలోంచి చూస్తే మూలకం రంగు ముద్దగా కనబడదు, విడివిడి గీతలుగా కనబడుతుంది. సోడియానికి పక్కపక్కనే రెండు గీతలు, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర.

ఆ స్ట్రాన్షియం కుర్రాణ్ని గట్టిగా తిట్టడానికి నాకు నోరు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ వచ్చి దిగింది అక్కడికే. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్‌సన్ మచిలీపట్నం చేరాడు. గ్రహణం పట్టిన సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో వాళ్లకి మెరిసే గీతలు కనిపించాయి. అందులో ఒకటి పసుపు. అది చూసినవాళ్లలో కొందరు సోడియమే అనుకున్నారు, మా కుర్రాడి లాగే. ఆ గీతలు అంత కాంతిమంతంగా ఉంటే గ్రహణం లేకుండానే చూడొచ్చు కదా అని జాన్సెన్‌కి తట్టింది, మర్నాడే చూశాడు. రెండు నెలలకి లాక్యర్ ఇంగ్లండులో తన దారిన తనూ చూశాడు. ఆ పసుపు సోడియం గీతల మీద పడట్లేదని, కాస్త పక్కగా 587.6 దగ్గర ఉందని తేల్చుకున్నారు. లాక్యర్ దాన్ని భూమ్మీద లేని మూలకం అన్నాడు. అదే హీలియం. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో కాచి, వచ్చిన వాయువులో అదే గీత చూసేదాకా అది సూర్యుడి సొత్తే. హీలియం గుంటూరులోనే పుట్టిందని మావాళ్లు చెప్పుకుంటారు. అంత పూర్తిగా ఒప్పుకోలేను, కాదనబుద్ధీ కాదు.

గీతలెందుకు, ముద్దగా రంగు ఎందుకు కాదు? 1913లో బోర్ చెప్పిన జవాబుని నేను సినిమా హాలుతో చెప్పేవాణ్ని. నేల, బెంచీ, కుర్చీ. బెంచీకీ కుర్చీకీ మధ్య గాల్లో కూర్చోవడం కుదరదు. ఎలక్ట్రానూ అంతే. మంట వేడికి సోడియం చివరి ఎలక్ట్రాన్ బెంచీ మీంచి కుర్చీలోకి ఎగురుతుంది, టికెట్ లేదు కాబట్టి 16 నానోసెకన్లలో కిందకి దిగుతుంది. ఆ రెండు తరగతుల తేడా ఎంతో, సరిగ్గా అంత వెలుగు బయటికొస్తుంది. పోలిక బాగానే నడిచేది. చివరి సంవత్సరాల్లో మాత్రం "నేల టికెట్ అంటే ఏంటి సార్?" అని అడిగారు. మల్టీప్లెక్సులు వచ్చి నా పరమాణువుని పాడుచేశాయి.

నన్ను నిజంగా ఇరుకున పెట్టింది మాత్రం రసాయన బంధం పాఠం. అక్కడ నా పోలిక దానం. సోడియానికి చివరి కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్, అది బరువు. క్లోరిన్‌కి ఒకటి తక్కువ. ఇతను ఇస్తాడు, అతను పుచ్చుకుంటాడు, ఇద్దరూ సుఖం. పిల్లలు నవ్వేవారు, నేనూ మురిసిపోయేవాణ్ని. ఒక ఏడు రెండో బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఇచ్చేయడం దానికిష్టమైతే, అయనీకరణ శక్తి అని మనం ఎదురు ఖర్చు పెట్టి లాగడమెందుకు?" అంది. బెల్లు కొట్టారు కాబట్టి బతికాను.

రాత్రి పుస్తకం ముందేసుకుని లెక్క కట్టాను. సోడియం ఆవిరి నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి మోల్‌కి 496 కిలోజౌళ్ల ఖర్చు. క్లోరిన్ పుచ్చుకున్నందుకు వచ్చే రాబడి 349. ఇంకా 147 లోటు. అంటే ఒంటరి సోడియం, ఒంటరి క్లోరిన్ దూరదూరంగా ఉంటే దానం జరగదు, నష్టం బేరం. లోటు పూడ్చేది ఆ తరవాతి అంకం. ధన అయాన్లూ రుణ అయాన్లూ వరసలు కట్టి స్ఫటికంగా కూడినప్పుడు 787 వస్తుంది. జాలక శక్తి అంటామే, అది. లోహాన్ని ఆవిరి చెయ్యడానికీ, క్లోరిన్ జంటని విడగొట్టడానికీ ఖర్చు తీసేసినా ఇంకా 411 దాకా మిగులుతుంది. సోడియం దాత కాదు. ఊరంతా కలిసి ఇల్లు కట్టుకుంటామంటేనే చెయ్యి విదిల్చే రకం. మర్నాడు క్లాసులో అలాగే చెప్పాను. ఆ అమ్మాయి తలూపింది. నాకే ఏదో మిగిలిపోయినట్టుండింది.

అదేమిటో చాలా రోజుల తరవాత ల్యాబ్‌లో తట్టింది. ఎవడి తీగో పసుపుగా మండుతోంది. ఆ పసుపు ఎవరిది? బెంచీ మీంచి కుర్చీకి ఎగిరి దిగిన చివరి ఎలక్ట్రాన్‌ది. కానీ ఉప్పులో ఆ ఎలక్ట్రాన్ సోడియం దగ్గర లేదు కదా, క్లోరిన్‌కి ఇచ్చేసింది! మంటలో స్ఫటికం కరిగి ఆవిరైపోయాక ఆ 787 ఇచ్చే ఇల్లు లేదు. మళ్లీ 147 లోటు మిగిలింది. అంతే, ఎలక్ట్రాన్ సోడియం దగ్గరికి తిరిగొచ్చేసింది. మనం మంటలో చూసేది అయాన్ని కాదు, పోగొట్టుకున్నది వెనక్కి తెచ్చుకున్న మామూలు సోడియం పరమాణువుని. (స్ట్రాన్షియం ఎరుపూ బేరియం ఆకుపచ్చా ఇంకా విడ్డూరం. అవి చాలావరకు మంటలో క్షణకాలం బతికే క్లోరైడు, హైడ్రాక్సైడు అణువులవి.) కాంతి ఒక అధ్యాయం, బంధం ఇంకో అధ్యాయం అని ఏళ్ల తరబడి విడగొట్టి చెప్పిన రెండూ ఆ తీగ కొసన ఒకటే అయి కూర్చున్నాయి.

ల్యాబ్ గోడకి స్కెచ్ పెన్నులతో నేనే రాసిన చార్టు ఉండేది. అందులో మొదటి వరస: సోడియం, పక్కన ప్లస్ గుర్తు, దానికెదురుగా బంగారు పసుపు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక స్టూలెక్కి ఆ ప్లస్ మీద వైట్‌నర్ పూశాను. మర్నాడు చూస్తే, సారు పొరపాటున చెరిపేశారనుకున్నారో ఏమో, ఎవరో బాల్‌పెన్నుతో దాన్ని మళ్లీ శుభ్రంగా పెట్టేశారు.