పేరు కలిసింది, బియ్యం ఆగింది

కృత్రిమ మేధ అనగానే మన పిల్లలకు ఫోన్‌లో జవాబులు చెప్పే యంత్రమే గుర్తొస్తుంది. తెలంగాణలో అంతకు ముందే అలాంటి యంత్రం ఒకటి రేషన్ కార్డుల జోలికి వచ్చింది. దాని పేరు సమగ్ర వేదిక.

బండ్ల రిజిస్ట్రేషన్, కరెంటు, ఆస్తిపన్ను వంటి శాఖల చిట్టాలను అది ఒకచోట చేర్చుతుంది. పేరు, చిరునామా పోల్చి ఈ ఇద్దరూ ఒక్కరేనని తేలుస్తుంది. కారున్నవారని తేలితే కార్డు పోతుంది. 2014–2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. ఈ ఏరివేతలో సమగ్ర వేదికనూ వాడారు. కార్డు తీసేముందు నోటీసు ఇవ్వలేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, ఇంటికి పోయి మళ్లీ చూడమని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. అప్పుడు పరిశీలన పూర్తయిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హమైనవేనని తేలింది.

నూటికి ఏడున్నరే కదా అనేవారున్నారు. నలభై మంది తరగతిలో ముగ్గురిని మధ్యాహ్న భోజనం పంక్తి నుంచి లేపితే ఏ టీచరు ఒప్పుకుంటారు?

దొంగ కార్డులు తీసేయడాన్ని మేము తప్పుపట్టం. యంత్రం అనుమానించగానే శిక్ష పడటం, తప్పు కాదని రుజువు చేసుకునే భారం పేదల మీదే పడటం తప్పంటున్నాం. పుట్టుకను బట్టి మనుషులను అనుమానించిన నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చి 1952 దాకా నడిచింది. చట్టం పోయినా, ముందు అనుమానించి తర్వాత అడిగే అలవాటు పోలేదు.

పేర్లు పోల్చే యంత్రానికి మన తండాలు పెద్ద చిక్కు. మెదక్ చుట్టుపక్కల లంబాడీ తండాల్లో ఒకే ఇంటిపేరు ఎన్నో ఇళ్లకు ఉంటుంది. ఒక కాగితంలో రామావత్, ఇంకో కాగితంలో నాయక్. ఇద్దరు ఒకరవుతారు, ఒకరు ఇద్దరవుతారు. ఇది తండాలో ఎవరిని అడిగినా చెప్తారు. అడిగేవారే లేరు. కూలి వదులుకొని మెదక్ పట్టణానికి వచ్చి ఆఫీసుల చుట్టూ తిరగడం మాత్రం మనవాళ్ల వంతు.

2018 చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. 2013 ఆహార భద్రత చట్టం సామాజిక తనిఖీకి చోటిచ్చింది. కాబట్టి రద్దు జాబితా ముందు గ్రామసభలో చదవాలి, కారణం తెలుగులో రాసివ్వాలి, విచారణ తేలేదాకా బియ్యం ఆపొద్దు. చదువుకున్న యువకులు, టీచర్లు తమ తండాలో పోయిన కార్డుల లెక్క ఇప్పుడే రాసిపెట్టాలి. సమాచార హక్కు కింద కారణం అడగాలి. ఆ లెక్క చేతిలో ఉంటేనే గ్రామసభలో మన మాట నిలుస్తుంది.