చలికి ముందే అలికే గోడ

జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగుతుంటాయి. టెల్కో కాలనీ పక్కన బిర్సానగర్‌లో రేకుల కప్పు కింద పడుకునేవాళ్లకి ఆ చలి ఎలాంటిదో బాగా తెలుసు. పగలంతా ఎండ కాసినా, పొద్దు వాలగానే పల్చటి రేకు ఆ వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. తెల్లవారుజామున లోపలా బయటా ఒకటే చలి. అక్కడినుంచి ఘాట్‌శిల వైపు వెళ్తే సంతాల్ ఆదివాసుల ఊళ్లలో మట్టి ఇళ్లు కనిపిస్తాయి. వాటి గోడల మీది రంగుల్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది. ఆ రంగుల కింద ఉన్న పనితనం అంతకన్నా గొప్పది.

మట్టిలో వరిగడ్డి ముక్కలో ఊకో కలిపి, నానబెట్టి, కాళ్లతో తొక్కుతారు. ఆ గడ్డి మట్టిని పట్టి ఉంచుతుంది, ఎండేటప్పుడు పెద్ద పగుళ్లు రానివ్వదు. ముద్దలు పేర్చి ఒక వరస పెట్టి ఆపేస్తారు. అది ఆరి, పై బరువు మోయగలదని నమ్మకం కుదిరాకే తర్వాతి వరస. తొందరపడితే గోడ పొట్ట ఉబ్బుతుంది. అడుగున మందం ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. పగటి ఎండ మూరెడు మందం గోడ దాటి లోపలికి చేరేసరికి పది గంటలకు పైనే పడుతుంది. అంటే మధ్యాహ్నపు వేడి అర్ధరాత్రి దాటాక, మనిషికి కావలసిన వేళకి అందుతుంది! కొన్ని ఇళ్లలో పెంకుల కింద మట్టి పరిచిన అటక ఉంటుంది. దాని మీద దాచిన ధాన్యం కూడా చలికి అడ్డే.

గోడ పాదం చుట్టూ అరుగు కడతారు. కూర్చోడానికే అనుకుంటాం గానీ, వాన చినుకులు చిందకుండా గోడ అడుగుని కాపాడేది అదే. తడిసిన మట్టి వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది, కాబట్టి గోడ పొడిగా ఉంటేనే ఇల్లు వెచ్చన.

నాకు అన్నిటికన్నా నచ్చింది సొహ్రాయి పండుగ వేళ ఆడవాళ్లు చేసే పని. ఆ పండుగ వచ్చేది ఉత్తరాది లెక్కలో కార్తీక అమావాస్యకి, అంటే మన దీపావళి రోజుల్లోనే. వానాకాలం మిగిల్చిన పగుళ్లు, ఎలుక బొక్కలు, కోసుకుపోయిన అంచులు మట్టితో పూడ్చి, పేడ కలిపి అలుకుతారు. తర్వాత మెత్తటి మట్టిని అరచేత్తో నున్నగా రుద్దుతారు. ఎర్రమట్టి, పసుపు మట్టి, తెల్లమట్టి, గడ్డి కాల్చిన నలుపు చివర్లో వస్తాయి. గాలి దూరే సందులన్నీ చలి మొదలవకముందే మూతపడతాయి. అందం కోసం చేసినట్టు కనిపించే ఈ పని ఏటా జరిగే మరమ్మతు. శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్‌కి వచ్చిన పాతతరానికి ఈ అలుకు కొత్త కాదు.

ఈ గోడల మీద సిమెంటు పూత వేయకండి. లోపలి తేమ బయటికి పోలేక మట్టి మెత్తబడుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. దీపావళి వెళ్లిన వారంలో అటు వెళ్తే, రంగులు చూశాక ఒకసారి వంగి గోడా అరుగూ కలిసే మూల చూడండి. పని ఎంత శ్రద్ధగా చేశారో అక్కడ తెలుస్తుంది.