ఈ పూట నోరెలా ఉంది?

“ఆ స్టీలు చెంచా తీసెయ్యవే, ఇనుము నాకినట్టుంది” అంది అక్క. విజయవాడలో రెండో కీమో ఎక్కించుకుని చింతలపూడి ఇంటికొచ్చిన నాలుగో రోజది. తనకి ప్రాణమని నాటుకోడి కూర వండాను. ఒక ముద్ద తిని కంచం పక్కకి జరిపింది. “నీకిష్టమనే కదక్కా చేశాను” అన్నాను. నా కోసం ఇంకో ముద్ద బలవంతాన మింగి ఏడ్చేసింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

నాలుక మీది రుచిమొగ్గల్లో కణాలు దాదాపు 10 నుంచి 15 రోజులకోసారి కొత్తవి పుడుతుంటాయి. త్వరత్వరగా పెరిగే కణాల్ని కీమో ఎక్కువగా దెబ్బతీస్తుంది గనక కేన్సర్‌తో పాటు వీటికీ ఆ దెబ్బ తప్పదు. సిస్‌ప్లాటిన్ లాంటి మందులతో కొందరికి నోరంతా లోహపు రుచి, మాంసం చేదు. అది తెలిశాక వంట మార్చాను.

చెక్క చెంచా, పింగాణీ గిన్నె తెచ్చాను. తినేముందు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలించి ఉమ్మించేదాన్ని. వాసన గదిలోకి రాకుండా పోపు పెరట్లో పెట్టేదాన్ని, చల్లారాకే వడ్డించేదాన్ని. (ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకునేవాళ్లకి మాత్రం చల్లటివి తగిలితే గొంతు, వేళ్లు జివ్వుమంటాయి. ముందే డాక్టర్ని అడగాలి.) కోడికి బదులు గుడ్డు, పప్పు, పెరుగు. రోజుకి ఆరుసార్లు, గుప్పెడేసి.

ఆ లోహపు రుచిని గెలిచింది మామిడికాయే. కారం తగ్గించిన మామిడికాయ పప్పుతో నోట్లో నీరూరి నాలుగు ముద్దలు దిగేవి. మూడో కీమోకి నోరు పూసింది. పులుపు తగిలితే మంట! మళ్లీ మెత్తటి పెరుగన్నమే గతి.

మేలో చుట్టాలు చిన్న రసాలు బుట్టలతో తెచ్చారు. తెల్లకణాలు తగ్గి ఉన్న రోజులు. మామూలుగా కొన కొరికి జుర్రుకునే పండుని, చేతులూ కాయలూ బాగా కడిగి, తొక్క తీసి, గిన్నెలోకి పిండి అప్పటికప్పుడు ఇచ్చేదాన్ని. తీపి వెగటన్న రోజు పెరుగులో కలిపేదాన్ని. పొద్దున నచ్చింది సాయంత్రానికి నచ్చేది కాదు. అందుకే పొయ్యి వెలిగించేముందు “ఈ పూట నోరెలా ఉందక్కా?” అని అడగడం అలవాటైంది.

ఉప్పు మాత్రం తనకి బొత్తిగా తెలిసేది కాదు. చప్పగా ఉందన్నప్పుడల్లా చిటికెడు పెంచుతూ పోయాను. చివరి కీమో అయిన రెండు నెలలకి, శ్రావణంలో, బీరకాయ పప్పు కలుపుకుని ముఖం చిట్లించింది.

“ఏంటే ఇది, ఇంత ఉప్పా!” అని కంచం పక్కకి జరిపింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని తన పక్కనే కూలబడ్డాను.