ద్రోహం రూపంలోనా, వస్తువులోనా?

అభ్యుదయ విమర్శలో ఎన్నటికీ పాతబడని చర్చ ఒకటుంది. ఒక రచయిత తన మార్గం వదిలేశాడని మనం ఎప్పుడు అనగలం? అతను చెప్పే మాట మారినప్పుడా, ఆ మాట చెప్పే తీరు మారినప్పుడా? వస్తువే ప్రధానమని సిద్ధాంతరీత్యా అందరం ఒప్పుకుంటాం. ఆచరణకు వచ్చేసరికి రూపాన్ని చూసి తీర్పు చెప్పేస్తాం. ఈ పొరపాటు జరిగే తీరును చెవులారా వినగల సాక్ష్యం ఒకటి ఉంది. 1966 మే నెలలో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ ఇంగ్లండులో చేసిన కచేరీల టేపులు అవి. వాటిలో ముఖ్యమైనవి దశాబ్దాలపాటు కంపెనీ అనుమతి లేకుండా చేతులు మారాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి వింటే తేలే విషయాలు సంగీతాభిమానులకే పరిమితం కావని నా అభిప్రాయం.

ముందు నేపథ్యం. 1962లో తొలి రికార్డు వెలువరించిన డిలాన్ రెండేళ్ళు తిరగకుండా పౌరహక్కుల ఉద్యమానికీ, యుద్ధాన్ని వ్యతిరేకించే యువతకూ గొంతు అనిపించుకున్నాడు. 1963 ఆగస్టులో వాషింగ్టన్ మహాప్రదర్శనలో, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన వేదిక మీదనే పాడాడు. 1964 ఆగస్టులో వచ్చిన రికార్డులో మాత్రం సామాజిక గీతాలు తగ్గి, ఆత్మాశ్రయ ధోరణి పెరిగింది. 'సింగ్ ఔట్' పత్రిక సంపాదకుడు ఇర్విన్ సిల్బర్ ఆ ఏడాదే అతనికి బహిరంగ లేఖ రాశాడు. 1965లో బ్రిటిష్ వామపక్ష జానపద గాయకుడు ఇవాన్ మెక్కాల్ అంతకన్నా కటువుగా విమర్శించాడు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపదోత్సవంలో డిలాన్ విద్యుత్ గిటారు పట్టుకుని వాద్యబృందంతో పాడాడు. శ్రోతల్లో కొందరు గేలి చేశారు. ఇక్కడ కాలక్రమాన్ని గుర్తుంచుకోవాలి. సిల్బర్ లేఖ రాసేనాటికి డిలాన్ వేదికల మీద పట్టుకున్నది ఇంకా కొయ్య గిటారే. ఆ విమర్శ వస్తువు మీద చేసినది. దానితో ఏకీభవించినా లేకపోయినా, అది విమర్శ అనిపించుకోదగ్గది.

1966 యాత్రలో ప్రతి కచేరీకీ రెండు భాగాలు. మొదటి భాగంలో డిలాన్ ఒంటరిగా కొయ్య గిటారు, హార్మోనికాలతో పాడేవాడు. విరామం తర్వాత అయిదుగురు వాద్యకారులు వచ్చేవారు. మే 17న మాంచెస్టర్ నగరంలోని ఫ్రీ ట్రేడ్ హాల్‌లో రెండో భాగం ముగింపుకు వస్తుండగా, ఆఖరి పాటకు ముందు, శ్రోతల్లోంచి ఒక కేక వినిపించింది: "యూదా!" ముప్పై వెండి నాణేలకు గురువును అప్పగించిన శిష్యుడి పేరు అది. నిన్ను నమ్మను, నువ్వు అబద్ధాలకోరువని డిలాన్ జవాబిచ్చాడు. వాద్యకారుల వైపు తిరిగి గట్టిగా వాయించమన్నాడు. ఆఖరి పాట హోరెత్తింది.

ఈ టేపు 1970ల తొలి రోజుల్లో దొంగ రికార్డుగా బయటికొచ్చింది. అప్పుడే ఎవరో దాని మీద లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరు వేశారు. కచేరీ జరిగింది మాంచెస్టర్‌లో. మన తాళపత్రాల్లో వ్రాయసగాడి పొరపాటు పాఠంగా స్థిరపడ్డట్టు, ఆ తప్పు పేరు స్థిరపడిపోయింది. 1998లో కంపెనీ అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి అలాగే ఉంచవలసివచ్చింది. అసలు ఆల్బర్ట్ హాల్‌లో మే 26న జరిగిన కచేరీ వేరే డిస్కుగా 2016లోగాని రాలేదు.

ఇక ఈ టేపుల్ని పోల్చడం దగ్గరికి వద్దాం. ఊరు మారినా పాటల వరుస దాదాపు మారదు. మారేది పాటకూ పాటకూ మధ్య జాగా. ఒకచోట చప్పట్లు, ఒకచోట వాగ్వాదం, ఒకచోట అసహనం. మాంచెస్టర్‌లో శ్రోతలు గాయకుణ్ణి అడ్డుకోవడానికి తాళం వేసినట్టు నెమ్మదిగా, పట్టుదలగా చప్పట్లు చరుస్తారు. డిలాన్ అరవడు. మైకు దగ్గర నోట్లో నోట్లో అర్థంలేని మాటలేవో గొణుగుతాడు. ఏం చెబుతున్నాడో వినాలని జనం చప్పట్లు ఆపుతారు. సరిగ్గా అప్పుడే, మీరు అంత గట్టిగా చప్పట్లు కొట్టకుండా ఉంటే బాగుండునన్న అర్థం వచ్చే ముక్క వినిపిస్తుంది. హాలంతా నవ్వు. కాగితం మీద అచ్చయిన పాటలో ఈ ఘర్షణ జాడ కూడా ఉండదు. ఆ రాత్రి ఆ పాటలకు వచ్చిన అర్థంలో సగం ఈ ఘర్షణదే.

అసలు ప్రశ్న ఇప్పుడు వేయాలి. ఆ శ్రోతలు ద్రోహం అన్నది దేన్ని?

మొదటి భాగంలో డిలాన్ పాడినవి ఏడు పాటలు. వాటిలో 1963 నాటి ఉద్యమగీతం ఒక్కటీ లేదు. ఏడూ 1965లోనో ఆ తర్వాతనో రికార్డుకెక్కినవే. వాటిలో మూడు అప్పటికింకా విడుదలైన ఏ రికార్డులోనూ లేవు. ప్రేమ, ఏకాంతం, అర్ధరాత్రి భ్రమలు, కలల్లాంటి పదచిత్రాలు. సామాజిక గీతం నుంచి డిలాన్ తప్పుకున్నాడన్న ఆరోపణకు సాక్ష్యం ఉంటే ఇక్కడే ఉండాలి. టేపులో మాత్రం హాలు నిశ్శబ్దంగా వింటుంది, పాట ముగిశాక నిండుగా చప్పట్లు కొడుతుంది.

రెండో భాగంలో ఎనిమిది పాటలు. వాటిలో మూడు పాతవి: ఒకటి 1962 నాటి తొలి రికార్డులోది, ఒకటి 1964 ఆగస్టు రికార్డులోది, మరొకటి 1964 జనవరిలో వచ్చిన, ఉద్యమగీతాలకు పేరుమోసిన రికార్డులోనిదే. వరసలు మారాయి, వాద్యాలు మారాయి, పాటలు మాత్రం శ్రోతలు ఎరిగినవే. ఒక పాటకు ముందు డిలాన్ స్వయంగా చెబుతాడు, ఇది అప్పట్లో అలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంటుందని. అలజడి రేగింది ఈ భాగంలోనే. అంటే కొత్త వస్తువును పాత రూపంలో ఇస్తే ఆదరించారు, పాత పాటను కొత్త రూపంలో ఇస్తే గేలి చేశారు. కొయ్య గిటారు నిజాయితీకి గుర్తు, కరెంటు గిటారు వ్యాపారానికి గుర్తు అన్న సమీకరణం వాళ్ళ మనసులో ముందే ఉంది. ఆ గుర్తును చూశారు, పాటను వినలేదు.

డిలాన్‌ను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. వియత్నాం మీద బాంబులు కురుస్తున్న 1966లో అంతటి గాయకుడు ఆ యుద్ధం పేరెత్తి ఒక పాట పాడకపోవడం మీద అడగవలసిన ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న అడగడానికి మొదటి భాగంలో ఏడుసార్లు అవకాశం వచ్చింది, ఎవరూ అడగలేదు. మరోవైపు, ఆ భాగంలోనే పాడిన ఒక సుదీర్ఘ గీతాన్ని చాలామంది ఉత్త స్వప్నచిత్రంగా కొట్టిపారేశారు. డిలాన్ పుట్టిన డులూత్ నగరంలో 1920 జూన్‌లో ముగ్గురు నల్లజాతి సర్కస్ కార్మికుల్ని మూక ఉరితీసింది. ఆ దృశ్యాన్ని పోస్టుకార్డులుగా అమ్మారు. ఆ గీతం ఆరంభంలో ఈ ఘటన నీడ ఉందని పలువురు విమర్శకులు చూపించారు. రూపం మీద ధ్యాస పెట్టినవారికి వస్తువులో పోయినదీ కనబడలేదు, మిగిలినదీ కనబడలేదు.

ఇంతవరకు నా వాదన బాగానే నడిచింది. అయితే దాన్ని నేనే కొంత సవరించుకోవలసి ఉంది. ఆ కేక తనదేనని తరువాతి కాలంలో ఇద్దరు వేర్వేరు మనుషులు చెప్పుకున్నారు. వారిలో ఒకరు ఇచ్చిన వివరణ ఆలోచింపజేసేది. తన కోపం విద్యుత్ వాద్యాల మీద కాదని, హాల్లో శబ్దం ముద్దముద్దగా వినిపించి ఏమీ అర్థం కాకపోవడం మీదనని ఆయన అన్నారు. టేపులో అంతా స్పష్టంగా ఉందిగదా అని నేను మొదట కొట్టిపారేశాను. నా తప్పు అక్కడే ఉంది.

ఈ టేపులు ఒక్క తరహావి కావు. కొన్ని వేదిక మీది మైకుల నుంచి నేరుగా తీసినవి. వాటిలో గాయకుడి గొంతు చెవి పక్కనే ఉంటుంది, జనం ఎక్కడో దూరంగా ఉంటారు. మరికొన్ని శ్రోతలు తమ కుర్చీల్లో కూర్చుని చిన్న యంత్రాలతో పట్టుకున్నవి. వాటిలో డ్రమ్ముల మోత గోడలకు కొట్టుకుని తిరిగివస్తుంది, మాటలు మునిగిపోతాయి, పక్కవాడి దగ్గు పాటకన్నా దగ్గరగా వినిపిస్తుంది. సంగీతప్రియులు మొదటి తరహాను మెచ్చుకుంటారు, రెండోదాన్ని పారేస్తారు. చరిత్రకు రెండోది కూడా అంతే అవసరం. మొదటిది పాడినవాడి పాఠం, రెండోది విన్నవాడి పాఠం. పాడినవాడి పాఠాన్ని చేతిలో పెట్టుకుని విన్నవాడికి శిక్ష వేయడం అన్యాయం. ఆ హాల్లో కొందరు గుర్తును చూసి కోపగించారన్నది నిజం. మరికొందరు మాట వినబడక కోపగించారన్నదీ నిజం కావచ్చు. మాటే ప్రాణమనుకుని వచ్చిన శ్రోతకు మాట అందకపోతే, అది అతనికి వస్తువు పోవడంతో సమానమే. రూపం వస్తువును మోసుకుపోగలదు, ముంచేయనూగలదు. రెండింటినీ విడదీసి తూచే తక్కెడ మన దగ్గర లేదు.

ఆ హాలు నిలిచిన చోటు గురించి కూడా చెప్పాలి. 1819 ఆగస్టు 16న, పార్లమెంటు సంస్కరణలు కోరుతూ వేలాది జనం చేరిన సెయింట్ పీటర్స్ మైదానం అదే. గుర్రపుదళం ఆ జనం మీద పడింది, కనీసం 15 మంది చనిపోయారు. పీటర్లూ హత్యాకాండగా చరిత్రకెక్కిన ఈ ఘటన మీదనే షెల్లీ తన సుప్రసిద్ధ రాజకీయ గీతం రాశాడు. తరువాత అదే నేల మీద, ధాన్యం చట్టాల రద్దుకు గుర్తుగా స్వేచ్ఛావాణిజ్యం పేరుతో హాలు లేచింది. ఇవాళ అది హోటలు. జనం గొంతెత్తిన చోటు వాణిజ్యం పేరు పెట్టుకుని, చివరికి వాణిజ్యమే అయిపోయింది.

టేపుల కథ కూడా అదే బాట పట్టింది. 1969లో లాస్ ఏంజిలిస్‌లో తెల్లటి అట్టతో వచ్చిన డిలాన్ రికార్డుతో రాక్ సంగీతంలో దొంగ రికార్డుల వ్యాపారం ఊపందుకుంది. వాటిని అమ్మినవాళ్ళు విప్లవకారులేమీ కారు, గాయకుడికి పైసా ఇవ్వని చిల్లర వ్యాపారులు. కాని కంపెనీ దాచిపెట్టినది జనానికి చేరింది మాత్రం వాళ్ళ ద్వారానే. 1991లో కంపెనీ ఆ దొంగ రికార్డుల పేరునే తన విడుదలల వరుసకు పెట్టుకుంది. 2016లో 1966 కచేరీల రికార్డింగుల్లో తెలిసినవన్నీ 36 డిస్కుల పెట్టెగా వచ్చాయి. అప్పటి నాసిరకం శ్రోతల టేపులు కూడా అందులో చోటు చేసుకున్నాయి. యాభై ఏళ్ళలోపు ప్రచురించని రికార్డింగుకు పొడిగించిన హక్కు దక్కకుండా ఐరోపాలో 2011లో నిబంధన వచ్చింది. ఆ పెట్టె సరిగ్గా యాభయ్యో ఏట రావడం కాకతాళీయం అనుకోలేం. టికెట్టు కొని వచ్చి, కోపంతో అరిచినవాడి కేక కూడా ఇప్పుడు సరుకే. వ్యతిరేకతను సైతం అమ్ముకోగలగడం పెట్టుబడి సామర్థ్యం.

అదే 2016లో డిలాన్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. పాట సాహిత్యమా కాదా అని లోకమంతా వాదించుకుంది. ఆ వాదన అచ్చయిన మాటల చుట్టూనే తిరిగింది. పాట అచ్చులో సగమే ఉంటుందని ఈ టేపులు విన్నవాళ్ళకు తెలుసు.

మనకు ఈ చర్చతో పనేమిటని అడగవచ్చు. పద్యం వదిలి మాత్రాఛందస్సు పట్టిన శ్రీశ్రీని, ఛందస్సే వదిలి వచనం పట్టిన కుందుర్తిని రూపం దగ్గరే ఆపి ప్రశ్నించినవాళ్ళు మనలో లేరా? తిరిగి ఆ వచనకవితనే అభ్యుదయానికి గుర్తుగా పెట్టుకుని, పద్యం రాసినవాణ్ణి చదవకుండానే పక్కకు నెట్టినవాళ్ళు లేరా? గుర్తులు మారాయి, అలవాటు మారలేదు. ఆ అలవాటు నాలోనూ ఉంది. డిలాన్ విషయంలో నేను రెండుసార్లు తీర్పు చెప్పాను. వినకముందు గాయకుడి మీద, విన్న తర్వాత శ్రోత మీద. రెండుసార్లూ తొందరపడ్డాను.

సాహిత్య విద్యార్థులకు ఒక్క మనవి. మన సభల్లో, ఊరేగింపుల్లో పాడిన పాటల టేపులు ఎక్కడైనా మీ చేతికి వస్తే, పాటలు మాత్రం ఉంచి మధ్యలోని కేకలు, నవ్వులు, వాదనలు కత్తిరించకండి. ఎవరు, ఎక్కడ, ఏ మూల కూర్చుని రికార్డు చేశారో అట్ట మీద రాసిపెట్టండి. పాట సంగతి తేల్చడానికి రేపు వచ్చే విమర్శకుడికి అవి కావాలి.