చలికాలానికి ఒక కాపు

అక్టోబరు రాగానే ఇంగ్లండులో ఇంటిదగ్గర బీరు కాచుకునేవాళ్ళు బ్రౌన్ ఏల్ పాళ్ళు రాసుకోవడం నాకు భలే ముచ్చట. 19 లీటర్లకు నాలుగు కిలోల మారిస్ ఆటర్ మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ; అక్కడిదాకా సులువే. నేర్పంతా తరవాతి గుప్పెళ్ళలో ఉంది. 300 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ పడితే ముదురు పాకం వాసన వస్తుంది. చాక్లెట్ మాల్ట్ 200 గ్రాములు చాలు. అందులో చాక్లెట్ ఏమీ ఉండదు, బాగా వేగిన బార్లీ గింజే అది. ఎక్కువైతే పోపులో మెంతులు మాడినట్టు చేదు పైకొస్తుంది. అందుకే మర పట్టేముందు రెండు గింజలు నోట్లో వేసుకుని నములుతారు. సగం నిర్ణయం ఆ నమలడంలోనే జరిగిపోతుంది, ఎంత అందమైన కొలత! ఇక వేడి. మర పట్టిన నూకను గంటసేపు 67 డిగ్రీల నీళ్ళలో నానబెడతారు. మూడు డిగ్రీలు తగ్గితే పులిసే చక్కెరలు పెరిగి బీరు పలచబడుతుంది. చలికి కావలసింది చిక్కదనం. వడగట్టిన రసం మరిగే మొదట్లో చేదు కోసం కాస్త ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ హాప్స్ పూలు, తీపికి ఎదురు నిలిచేంత. చల్లారాక పులియబెట్టే ఈస్ట్‌తో రెండు వారాలు, సీసాల్లో మరో మూడు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడిన సాయంత్రం, ఇంటికొచ్చిన స్నేహితుడు గ్లాసును దీపానికెత్తి చూస్తాడు: గోధుమరంగు, అంచున ఎరుపు, కాల్చిన రొట్టె వాసన.