ఏ గట్టు మీది చెట్టు?

అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో పునాదికి గొయ్యి తవ్వినవాళ్లందరికీ ఇక్కడి నేల సంగతి తెలుసు. మీటరు, మీటరున్నర దిగేసరికి నీళ్లు ఊరతాయి. అవి సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉంటాయి. పంపులు పెట్టి రాత్రింబగళ్లు తోడితేనే కాంక్రీటు పని సాగుతుంది. సల్ఫేటుకు తట్టుకునే సిమెంటు వాడాలి, పునాది చుట్టూ నీరు చొరని పొర వేయాలి. లేకపోతే కొన్నేళ్లలోనే లోపలి ఇనుమును ఉప్పు తినేస్తుంది. అరబ్బులు ఈ నేలను సబ్ఖా అంటారు. 1960లలో లండన్ నుంచి వచ్చిన భూవిజ్ఞానులు ఈ అబుదాబి తీరంలోనే జిప్సం, అన్‌హైడ్రైట్ నేలలో ఎలా పుడతాయో చూసి రాశారు. వాళ్ల శాస్త్రానికి అది పెద్ద పాఠమైంది. మొక్కకు మాత్రం ఇక్కడ చోటు లేదు. ఇక్కడి ముసఫా రోడ్ల పక్కన వరసగా నిలబడ్డ ఖర్జూరాలన్నీ బయటి నుంచి తెచ్చిపోసిన మట్టిలో, నల్ల పైపుల్లోంచి చుక్కచుక్కగా పడే శుద్ధిచేసిన నీళ్లతో బతుకుతున్నాయి.

ఇలాంటి చోట ఉంటున్నందుకేనేమో, నేలను బట్టి రుచి మారుతుందనే మాట నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలడం లేదు. ఆ మాటను నమ్మి, దాని మీద చట్టం రాసుకుని, తరాలు తరాలు బతికిన దేశం ఫ్రాన్సు. అందుకే ఫ్రెంచి ద్రాక్షతోటల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ బుర్ర మన ఊరి తాళ్ల వైపు, ఈతవనాల వైపు పోతోంది.

బర్గండీ సంగతి చూడండి. దిజోన్ ఊరి నుంచి దక్షిణంగా ఒక సన్నని కొండవాలు సాగుతుంది. అక్కడ పండించేది ముఖ్యంగా రెండే రకాలు: ఎర్ర వైనుకు పీనో న్వార్, తెల్లదానికి షార్డొనే. కానీ ఆ వాలును వాళ్లు 1,247 మడులుగా గుర్తించి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఆ మడులను క్లిమా అంటారు. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రొమానీ కోంతీ అనే మడి విస్తీర్ణం నాలుగున్నర ఎకరాలు. దాని సీసా ఒక్కటి లక్షల రూపాయలు పలుకుతుంది. ఆ పక్కనే ఉన్న మడిలోనూ అదే ద్రాక్ష, అదే ఎండ, అదే వాన. అయినా పేరు వేరు, ధర వేరు, తాగేవాళ్లు చెప్పే రుచీ వేరు.

ఈ గీతలు ఎవరో ఆఫీసులో కూర్చుని గీసినవి కావు. 1098లో సితో అనే చోట మఠం కట్టుకున్న సన్యాసులు ఆ తర్వాతి శతాబ్దంలో వూజో దగ్గర తోట వేశారు. మడి మడికీ పండిన రసాన్ని విడిగా పులియబెట్టారు, విడిగా రుచి చూశారు, తరం నుంచి తరానికి అప్పగించారు. 1336 నాటికి ఆ తోట చుట్టూ రాతిగోడ పూర్తయింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది. లోపల యాభై హెక్టార్లుంటే, దాన్ని దాదాపు ఎనభై మంది పంచుకున్నారు. ఆ ఎనభై మందిలోనూ వాలు పైభాగంలో వాటా ఉన్నవాడి మాటకు విలువెక్కువ. కింద రోడ్డు పక్కన మట్టి లోతుగా ఉంటుంది, నీరు నిలుస్తుంది. మన కళ్లకు అదే మంచి పొలం. ద్రాక్షకు మాత్రం పనికిరాని సుఖం.

నేల అసలు ఏం చేస్తుంది? సున్నపురాయి వేళ్లలోంచి ఎక్కి వైనులో కలుస్తుందనీ, గ్లాసులో రాయి రుచి తెలుస్తుందనీ చాలామంది రాస్తుంటారు. వేల్స్‌లోని అబెరిస్ట్విత్ విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం బోధించిన అలెక్స్ మాల్ట్‌మన్ 2018లో ఒక పుస్తకమే రాసి దీన్ని కాదన్నారు. రాయికి రుచి లేదు, వేరు రాయిని తాగదు అన్నది ఆయన వాదన. నాకు అది సబబుగానే తోస్తోంది. మరి తేడా ఎక్కడిది? బోర్డోలో జెరార్ సెగాన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు పేరున్న తోటల నేలలు పరిశీలించి తేల్చింది ఒకటే: ఖనిజాల కన్నా నీటి నడక ముఖ్యం. మెదోక్‌లో గులకరాళ్ల నేల వాన నీటిని వెంటనే కిందికి వదిలేస్తుంది, అందుకని వేరు లోతుకు పోవాలి. నది అవతల పొమెరోల్‌లోని పెత్రూస్ తోటది దానికి పూర్తిగా విరుద్ధమైన నేల, జిగట బంకమట్టి. అది నీటిని పట్టుకుని బిగిస్తుంది, వేరుకు అంత తేలిగ్గా ఇవ్వదు. రెండుచోట్లా తీగకు అందేది కొంచెం కొంచెమే. కాయ ముదిరే వేళకు తీగకు కాస్త దప్పిక ఉండాలి. అప్పుడది ఆకులు వేయడం మాని, ఉన్న బలమంతా కాయకు పెడుతుంది. ఫ్రాన్సులో పేరున్న తోటలకు నీరు పెట్టడాన్ని చాలాకాలం నిషేధించింది ఇందుకే.

నేల ఒక్కటే చాలదు. చలికాలంలో తీగను ఎన్ని కన్నుల దగ్గర కత్తిరించాలో, ఎకరాకు ఎంత కాయ ఉంచాలో, ఏ రోజు కోయాలో నిర్ణయించేది మనిషే. ఓక్ చెక్క పీపా బర్గండీలో 228 లీటర్లది, బోర్డోలో 225 లీటర్లది. ఈ కొలతలు కూడా ఆచారంగా వచ్చినవే. చెయ్యి చెడితే నేలా చెడుతుంది. క్లోద్ బూర్గిన్యోన్ అనే మృత్తికా శాస్త్రవేత్త 1980లలో బర్గండీ తోటల మట్టి పరీక్షించి, కొన్నిచోట్ల సహారా ఇసుకలో ఉన్నంత జీవం కూడా లేదని హెచ్చరించారు. ఎరువులు, కలుపుమందులు, బరువైన ట్రాక్టర్లు చేసిన పని అది. ఆ తర్వాత కొందరు రైతులు మళ్లీ గుర్రపు నాగలి పట్టారు. ఎడారిలో ఉండి ఆ మాట చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది.

మనకూ ఒక ద్రాక్ష కథ ఉండేది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు తెచ్చిన అనబ్-ఎ-షాహీ రకం ఆ ఎర్రనేలల్లో పందిళ్ల మీద విరగకాసింది. ఉప్పల్, మేడ్చల్, శంషాబాద్ వైపు తోటలు ఉండేవి. నగరం పెరిగి వాటిలో చాలావాటిని ప్లాట్లు చేసింది. అది అలా ఉంచి మన తాళ్ల సంగతికి వద్దాం.

నేను పనిచేసే యార్డులో రిగ్గర్‌గా చేసే ఒక అన్న ఉన్నాడు. నిజామాబాద్ వైపు ఊరు. పుట్టింది గౌడుల ఇంట్లో, ఇరవై ఏళ్లు దాటేదాకా తాళ్లెక్కాడు. ఇప్పుడు నడుముకు హార్నెస్ కట్టుకుని, రెండు కొక్కేలు మార్చిమార్చి తగిలిస్తూ ఇనుప దూలాల మీద నడుస్తాడు. అప్పుడు నడుముకున్నది మోకు, ముస్తాదు. మధ్యాహ్నం ఎండ విరామంలో నీడన కూర్చుని ఆ పని ఎలా చేసేవాడో నాకు వేళ్లతో చేసి చూపించాడు.

తాటి గెలలను కలిపి కడతారు. చివర కోసి లొట్టిలోకి వంచుతారు. మొదట్లో ఏమీ రాదు. రోజూ పొద్దున, సాయంత్రం ఎక్కి చివరను గీయాలి. ఎంత గీయాలి? అన్న బొటనవేలి గోరు మీద చూపుడువేలు ఆనించి చూపించాడు: ఆకు మందం. అంతకన్నా లోతుగా పోతే గెల తొందరగా అయిపోతుంది. పైపైన గీస్తే మూతి పూడుకుపోయి ధార ఆగుతుంది. కత్తి రోజూ నూరాల్సిందే. "పదును తక్కువైతే చెట్టు అలుగుతది తమ్మీ" అన్నాడు. ఈతకు గెలతో పని లేదు, మొవ్వు దగ్గర మెత్తటి మానునే చెక్కుతారు. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు రెండో వైపు. అందుకే ముదురు ఈతచెట్టు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ మెట్లు లెక్కపెట్టి ఎన్నేళ్లు గీశారో చెప్పేస్తాడు గీతకార్మికుడు.

నేల సంగతి నేను అడగకుండా తనే ఎత్తాడు. "చెరువు కింది ఈతకు పారుడెక్కువ, రుచి తక్కువ. చల్క గట్టు మీది చెట్టు బొట్టు బొట్టే ఇస్తది, గని తేనె లెక్క ఉంటది. దానికి నీళ్లు దొర్కవు గద." సెగాన్ బోర్డోలో కొలిచి చెప్పిన మాటే ఇది. ఏ ప్రయోగశాలా చూడని మనిషి ఐకాడ్ షెడ్డు నీడలో చెప్పాడు.

లొట్టిలోనూ శాస్త్రం ఉంది. చెట్టు నుంచి దిగేది తియ్యని నీరా. అది తియ్యగా నిలవాలంటే లొట్టి లోపల సున్నం రాస్తారు, లేదా చల్లగా ఉంచి తెల్లవారకముందే దించుతారు. కల్లు కావాలంటే ఏమీ కలపక్కర్లేదు. పాత లొట్టి గోడల్లో, అడుగు మడ్డిలో ఉన్న ఈస్టు, లాక్టిక్ బాక్టీరియా గంటల్లో పని మొదలుపెడతాయి. ఫ్రాన్సులో బయటి ఈస్టు వేయని రైతులు తోటలోంచి, నేలమాళిగ గోడల్లోంచి వచ్చే సూక్ష్మజీవుల మీదే ఆధారపడతారు. పులియడం జీవుల పని అని పాశ్చర్ 1857-1860 మధ్య అదే దేశంలో నిరూపించాడు. తేడా కాలంలో ఉంది. వైను సీసాలో ఏళ్లు ఆగుతుంది. కల్లు సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. అది ఏ చెట్టు నుంచి దిగిందో ఆ చెట్ల కిందే, మండువా దగ్గరే తాగాలి. ఇంత గట్టిగా ఊరికి కట్టుబడిన పానీయం మరొకటి నాకు తెలియదు.

ఇక్కడి రోడ్ల పక్కన ఉన్న ఖర్జూరం, మన ఈత ఒకే ఫీనిక్స్ ప్రజాతివి. ట్యునీషియాలో ఖర్జూరాన్ని గీసి లగ్మీ తీస్తారు. ఎమిరేట్స్‌లో దాన్ని పండు కోసమే పెంచుతారు. ఆ పండు విషయంలో వీళ్ల పట్టింపు కూడా తక్కువది కాదు. లివాలో ఏటా ఎండాకాలం పండగ పెట్టి దబ్బాస్, ఖలాస్, ఖునైజీ గెలలకు రకం వారీగా పోటీలు నడుపుతారు. అల్ ఐన్ ఒయాసిస్‌కు ఫలజ్ కాలువలతో సహా 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఏ తోట పండు అన్నది వీళ్లకు గౌరవానికి సంబంధించిన విషయం.

ఫ్రెంచివాళ్ల పట్టుదల వెనక మాత్రం గౌరవంతో పాటు కడుపుమంట కూడా ఉంది. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా పురుగు వేళ్లను తిని తోటలకు తోటలు ఎండబెట్టింది. అమెరికా తీగల వేళ్లకు ఫ్రెంచి తీగలను అంటుకట్టి బయటపడ్డారు. ఈలోగా కొరత చూసుకుని ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లు, చక్కెర నీళ్లు వైను పేరుతో అమ్మేశారు. అసలు తోటలు కోలుకున్నాక కూడా కల్తీ ఆగలేదు, రైతు సరుకు కొనేవాడు లేకపోయాడు. 1907లో లాంగ్దాక్ రైతులు లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్చితే మనుషులు చనిపోయారు. ఆ నెలలోనే కల్తీ మీద చట్టం వచ్చింది. 1923లో షాతోనఫ్-దు-పాప్‌లో బారన్ ల రువా నాయకత్వంలో రైతులు తమకు తామే కట్టుబాట్లు రాసుకున్నారు. వాటిలో ఒకటి నాకు ఎంతో ఇష్టం: లావెండర్, థైమ్ మొక్కలు బతికే బీదనేలలోనే ఆ పేరు గల ద్రాక్ష వేయాలి. 1935లో దేశం మొత్తానికి అదే దారిలో చట్టం వచ్చింది. నేల పేరుకు రక్షణ ఇస్తే కల్తీకి దారి మూసుకుపోతుందని వాళ్లు అలా నేర్చుకున్నారు.

మన దగ్గర 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మందుల పేర్లు కల్లు కాంపౌండ్ల వార్తల్లో ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. చెట్లు లేని నగరంలో అంత కల్లు ఎక్కడి నుంచి వస్తోందని అడిగే పద్ధతి లేకపోవడమే దీనికి మూలం. ఆ మచ్చ పడేది తెల్లవారుజామున ప్రాణం అరచేత పెట్టుకుని చెట్టెక్కే గీతకార్మికుడి మీద. ఆ మచ్చకూ, ఆ ప్రమాదానికీ, ఆ తక్కువ రాబడికీ విసిగి ఎందరో వీసా తీసుకుని ఇలాంటి యార్డులకు వచ్చారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టెక్కే వాళ్లకు పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండూ మంచి పనులే. నేను అడుగుతున్నది ఇంకో అడుగు. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కల్లుకు, మన నీరాకు ఆ దారి ఎందుకు తెరవకూడదు? ఆబ్కారీ శాఖకు చెట్లకు నంబర్లు వేయడం తెలుసు, గీత సహకార సంఘాలు ఊరూరా ఉన్నాయి. ఏ లొట్టి ఏ ఊరి చెట్టుదో, ఎవరు గీశారో రాసిపెట్టడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. అలా రాసిన లొట్టికి రెండు రూపాయలు ఎక్కువ పెట్టేవాళ్లు నగరంలో ఉన్నారు.

సెలవుకు ఊరెళ్తున్న ఐకాడ్ మిత్రులకు ఒక మనవి. తాగేవాళ్లయితే కాంపౌండు వైపు పోకండి. మండువాకు వెళ్లండి, గౌడన్నను ఏ గట్టు మీది చెట్టని అడగండి, ఆయన చెప్పిన ధర బేరమాడకుండా ఇవ్వండి. తాగని వాళ్లు మీ గట్ల మీద తాళ్లను, ఈతలను ఇటుకబట్టీకి అమ్మకండి.