ఒకవైపే మిగిలిన ఉత్తరాలు: క్రాకోవ్ కుటుంబ లేఖలపై ఒక పరిశీలన

2007లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన 'ఎవ్రీ డే లాస్ట్స్ ఎ ఇయర్' అనే గ్రంథాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము. క్రిస్టఫర్ బ్రౌనింగ్, రిచర్డ్ హోలాండర్, నెహామా టెక్ దీని సంపాదకులు. పోలండులోని క్రాకోవ్ నగరంలో చిక్కుకుపోయిన యూదు కుటుంబీకులు, అమెరికా చేరిన జోసెఫ్ హోలాండరుకు 1939 నుండి 1941 వరకు వ్రాసిన ఉత్తరాలు ఇందులో ఉన్నాయి. 1986లో జోసెఫ్ దంపతులు కారు ప్రమాదంలో మరణించిన తరువాత, వారి ఇంటి అటకమీద ఒక పాత బ్రీఫ్‌కేసులో ఇవి కుమారుడు రిచర్డుకు దొరికాయి.

1941 మార్చిలో క్రాకోవ్ యూదులను ఘెట్టోలో బంధించారు. బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరాన్నీ జర్మను సెన్సారు అధికారులు చదివేవారు. అందుచేత ఇలాంటి లేఖలలో క్షేమ సమాచారమే ఎక్కువ, బాధ తక్కువ. ప్రసంగీకుడు వీటిని చేతిలోకి తీసుకొని "శ్రమలలో ఎంతటి విశ్వాసమో చూడండి" అనడం సులభం. అది తొందరపాటు వ్యాఖ్యానమని మేము భావిస్తున్నాము. ఆ నెమ్మదికి సెన్సారు భయం ఒక కారణం కావచ్చు. దూరాన ఉన్నవానిని కలవరపెట్టకూడదనే ప్రేమ మరొకటి కావచ్చు. ఈ రెండింటినీ పరిశీలించకుండా దానిని విశ్వాసమని పిలిస్తే, మన ప్రసంగాన్ని వారి నోట పెట్టినవారమవుతాము.

జోసెఫ్ వ్రాసిన జవాబులు మిగలలేదు. ఈ సమస్య వేదాంత విద్యార్థులకు కొత్తది కాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పౌలు జవాబిస్తున్న ఉత్తరం మన దగ్గర లేదు. చెరసాల పత్రికలను చదివేటప్పుడు వ్రాసినవాని బంధకాలను లెక్కలోకి తీసుకుంటాము. అపొస్తలుని పత్రికకు ఇచ్చే ఆ శ్రద్ధ క్రాకోవ్ తల్లి ఉత్తరానికి కూడా ఇవ్వవలసి ఉంది.

అక్షరాన్ని మాత్రమే నమ్మితే ఏమవుతుందో మరొక ఉదాహరణ చెబుతుంది. థెరెసియెన్‌స్టాట్ ఘెట్టో నుండి 1943 సెప్టెంబరులో బిర్కెనావుకు తరలించిన యూదుల చేత, మరుసటి మార్చిలో, ముందు తేదీలు వేయించి పోస్టుకార్డులు వ్రాయించారు. కార్డులపై తేదీ 1944 మార్చి 25. వారిలో సుమారు 3,800 మందిని మార్చి 8 రాత్రి చంపివేశారు. కార్డు అందుకున్నవారు తమవారు బ్రతికే ఉన్నారనుకున్నారు.

గ్రంథంలో బ్రౌనింగ్ వ్యాసం క్రాకోవ్ యూదుల చరిత్రను వివరిస్తుంది. 1942 జూన్, అక్టోబరు నెలల్లో బెల్జెక్ మరణశిబిరానికి తరలింపులు జరిగాయి. 1943 మార్చిలో ఘెట్టోను తుడిచిపెట్టారు. ఈ చరిత్ర మనకు అవసరమే గాని, ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. ముగింపు మనకు తెలుసు, వ్రాసినవారికి తెలియదు. వారి ఆశను అమాయకత్వమని తీర్పు తీర్చే హక్కు మనకు లేదు.

మన సంఘాల విషయానికి వస్తే, మత్తయి 27:25ను ఆధారం చేసుకొని, యూదుల శ్రమలన్నీ దేవుని శిక్షేనని చెప్పే ప్రసంగాలు తెలుగు వేదికలపై ఉన్నాయి. క్రీస్తు మరణాన్ని యూదులందరిపై మోపరాదని 1965లో రెండవ వాటికన్ మహాసభ 'నోస్ట్రా ఏతాతే' ద్వారా ప్రకటించింది. అంతకు ఎంతో ముందే, అంటుకట్టబడిన కొమ్మలు అతిశయించకూడదని రోమా 11లో పౌలు హెచ్చరించాడు. కుమారుని క్షేమం అడిగే తల్లి ఉత్తరం పక్కన ఆ శిక్షా సిద్ధాంతాన్ని ఉంచి చూడాలి. అక్కడ పలకలేని మాటను మన ప్రసంగవేదికపై కూడా పలకకూడదు.